వ్యాపార సంస్థలలో సమాన గౌరవం: ఒంటరి వ్యక్తి చేయగలిగినది

1991వ సంవత్సరం ప్రారంభంలో, అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, అట్లాంటా నగరానికి సమీపాన గల డగ్లస్‌విల్ అనే ఊరిలో, ఒక భోజనశాలలో వంటపని చేస్తున్న షెరిల్ సమ్మర్‌విల్ అనే మహిళను ఉద్యోగం నుండి తొలగించారు. ఆమె అక్కడ మూడు సంవత్సరాలకు పైగా పనిచేసినది. పనిలో లోపమున్నదని ఎవరూ అనలేదు. తొలగింపు పత్రంలో కారణం తెలుపవలసిన చోట యాజమాన్యం ఏ మాత్రం సంకోచం లేకుండా వ్రాసినది: ఈ ఉద్యోగి సంస్థ విధానానికి విరుద్ధంగా ఉన్నది, ఈమె స్వలింగాకర్షణ గల వ్యక్తి అని. సాధారణంగా ఇటువంటి సందర్భాలలో యాజమాన్యాలు ఆలస్యంగా వచ్చిందనో, లెక్కలు తప్పిందనో ఏదో ఒక సాకు వెదుకుతాయి. ఇక్కడ సాకు వెదుకవలసిన అవసరం కూడ లేకపోయినది. ఏలనన, అప్పటి జార్జియా చట్టంలో గాని, అమెరికా కేంద్ర చట్టంలో గాని ఆమెకు స్పష్టమైన రక్షణ ఏదీ లేదు.

ఆ భోజనశాల క్రాకర్ బారెల్ అనే పెద్ద సంస్థకు చెందినది. టెన్నెసీ రాష్ట్రంలోని లెబనాన్ అనే పట్టణం దాని కేంద్రస్థానం. రహదారుల ప్రక్కన, పల్లెటూరి దుకాణం పోలికలో కట్టిన భోజనశాలలు దాని ప్రత్యేకత. ఆ సంవత్సరం జనవరిలో సంస్థ తన శాఖలకు ఒక ఉత్తర్వు పంపినది. కుటుంబ వ్యవస్థకు పునాదియైన స్త్రీపురుష సంబంధ విలువలను కనబరచని వారిని పనిలో ఉంచుకొనరాదని దాని సారాంశం. ఆ ఉత్తర్వు ఫలితంగా సమ్మర్‌విల్‌తోపాటు మరికొందరు జీవనాధారం కోల్పోయారు. పత్రికలలో గొడవ చెలరేగిన తరువాత, కొద్ది వారాలకే, ఉత్తర్వును ఉపసంహరించుకొన్నామని సంస్థ ప్రకటించినది. కాని తొలగించిన వారిని తిరిగి పిలువలేదు. ఇకమీదట ఇటువంటి వివక్ష చేయబోమని తన నియమావళిలో వ్రాసుకొననూ లేదు. ఆ ఒక్క వాక్యం ఆ నియమావళిలో చేరడానికి పదకొండు సంవత్సరాలు పట్టినది. అది ఎట్లు చేరినదో, ఎవరెవరి పట్టుదల వలన చేరినదో తెలుపుటయే ఈ వ్యాసంలో నా ముఖ్యోద్దేశం.

ముందుగా పదాల విషయం ఒకటి. స్వలింగాకర్షణ గల స్త్రీపురుషులు, ఉభయలింగాకర్షణ గలవారు, పుట్టుకతో తమకు నిర్ణయించిన లింగానికి భిన్నంగా తమను తాము గుర్తించుకొనే ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు, ఈ విభాగాలలో దేనికీ పూర్తిగా ఒదగని మరికొందరు, వీరందరినీ కలిపి ఇప్పుడు ఎల్.జి.బి.టి.క్యూ. అనే పొడి అక్షరాలతో పిలుస్తున్నారు. వీరి సమస్యలన్నీ ఒకే తీరు కావు. తన సంగతి దాచుకొని బ్యాంకులో గుమాస్తాగా పదవీ విరమణ వరకు నెట్టుకొని రాగలిగిన వాని కష్టం వేరు. ముఖం చూచిన క్షణాననే దుకాణం మెట్ల మీద నుండి దింపివేయబడే హిజ్రా కష్టం వేరు. ఐనను ఉద్యోగం, జీతం, అద్దె ఇల్లు అన్న మూడు విషయాలలో వీరి కథలు ఒకచోట కలుస్తాయి.

క్రాకర్ బారెల్ ఉదంతంలో మొదట కదిలినది వీధి. అట్లాంటాలో క్వీర్ నేషన్ అనే సంఘం ఉండేది. దానికి నాయకత్వం వహించిన లిన్ కాథ్రెన్ అనే యువకుడు మార్టిన్ లూథర్ కింగ్ సతీమణి కొరెట్టా స్కాట్ కింగ్ వద్ద సహాయకునిగా పనిచేసేవాడు. కనుక నల్లజాతివారు 1960 ప్రాంతంలో దక్షిణాది భోజనశాలల బల్లల వద్ద కూర్చుండి జరిపిన అహింసా ప్రతిఘటన అతనికి చదివి తెలిసిన చరిత్ర మాత్రమే కాదు. అదే పద్ధతిని ఇక్కడ అనుసరించారు. జనం రద్దీగా వచ్చే వేళకు ఉద్యమకారులు వచ్చి కుర్చీలలో కూర్చుండేవారు; లేవమన్నా లేచేవారు కాదు. కొందరు అరెస్టయ్యారు. ఈ నిరసనలు దేశమంతటా పత్రికల దృష్టిని ఆకర్షించినవి. ఐతే సంస్థ వ్యాపారం మాత్రం దెబ్బతినలేదు. ఆ సంవత్సరాలలో అది పెరుగుతూనే వచ్చినది. బహిష్కరణ అనగానే వ్యాపారి లొంగిపోతాడని తలచేవారు ఈ సంగతి గమనింపదగినది. ఆ భోజనశాలకు నిత్యం వచ్చే ఖాతాదారులకు ఈ వివాదంతో నిమిత్తం లేదు. ఉద్యమకారులు అంతకు ముందు అక్కడికి వచ్చే వారూ కారు. రాని వారు రావడం మానివేస్తే యజమానికి వచ్చిన నష్టమేమున్నది?

వీధి చేయలేని పనిని వాటాదారుల సమావేశం చేసినది. మన వాణిజ్యశాస్త్ర విద్యార్థులు ఈ భాగాన్ని కొంచెం నిదానంగా చదువవలెనని నా కోరిక.

అమెరికా చట్టం ప్రకారం ఒక కంపెనీలో స్వల్పంగా వాటాలు గల వ్యక్తి కూడ వార్షిక సర్వసభ్య సమావేశానికి ముందు ఒక ప్రతిపాదనను పంపవచ్చును. ఆ కాలంలో వేయి డాలర్ల విలువ గల వాటాలు ఒక సంవత్సరం పాటు తన వద్ద ఉంచుకొన్నవారికి ఆ హక్కు ఉండేది. ప్రతిపాదన ఐదువందల మాటలకు మించరాదు. కంపెనీ దానిని తన స్వంత ఖర్చుతో అచ్చువేసి, తన వాటాదారులందరికీ పంపి, వోటుకు పెట్టవలెను. దీనిని మన భాషలో మహజరు అనవచ్చును. ఉర్దూ నుండి వచ్చి తెలుగు పల్లెలలో స్థిరపడిన ఈ మాటకు ఇక్కడ సరియైన అర్థమే ఉన్నది: అధికారం లేనివాడు, అధికారం గలవాని ఎదుట, పదిమంది వినగా పెట్టుకొనే విన్నపం. వోటు నెగ్గినా డైరెక్టర్లు దానిని తప్పక అమలు పరచవలెనన్న నిర్బంధం సాధారణంగా లేదు. ప్రతిపాదన ఓడిపోయినా మొదటిసారి నూటికి మూడు వోట్లు వస్తే మళ్ళీ పెట్టవచ్చును. రెండవసారి ఆరు, ఆ తరువాత పది రావలెను. అనగా నూటికి తొంబదిమంది కాదన్న మాటను కూడ ఏటేటా తిరిగి వినిపించడానికి చట్టం అవకాశం ఇచ్చినది. ఈ ఏర్పాటులోని చమత్కారమంతా అక్కడే ఉన్నది. (2020లో ఈ అంకెలను పెంచారు, అది వేరే కథ.)

న్యూయార్క్ నగర ఉద్యోగుల పింఛను నిధికి క్రాకర్ బారెల్‌లో వాటాలు ఉండేవి. ఉద్యోగ నియామకాలలో లైంగిక అభిరుచిని బట్టి వివక్ష చూపరాదని సంస్థ తన నియమావళిలో చేర్చవలెనని ఆ నిధి ప్రతిపాదన పంపినది. సంస్థ నిరాకరించి, వాటాల వ్యవహారాలను పర్యవేక్షించే సెక్యూరిటీస్ అండ్ ఎక్స్చేంజి కమిషన్‌ను ఆశ్రయించినది. ఎవరిని పనిలో పెట్టుకొనవలెను, ఎవరిని తీసివేయవలెను అనునది కంపెనీ దైనందిన వ్యవహారం, అందులో వాటాదారులు తలదూర్చరాదు అని 1992 అక్టోబరులో కమిషన్ సిబ్బంది తేల్చారు. ఆ ఒక్క ఉత్తరంతో ఈ భోజనశాల సంగతి మాత్రమే కాదు, దేశంలోని కంపెనీలన్నిటిలో ఉద్యోగుల వివక్షకు సంబంధించిన ప్రతిపాదనలన్నిటికీ తలుపు మూతపడినది. నిధి న్యాయస్థానానికి వెళ్ళినది. 1993లో గెలిచినది, 1995లో అప్పీలులో ఓడినది. ఐనను ఫిర్యాదులు ఆగలేదు. చివరకు 1998లో కమిషన్ తన నిర్ణయాన్ని తానే రద్దు చేసికొన్నది. ప్రతిపాదన మళ్ళీ వాటాదారుల ముందుకు వచ్చినది. 2002 నవంబరులో నూటికి 58 వంతుల వోట్లు దానికి అనుకూలంగా పడినవి. డైరెక్టర్లు ఆ వెంటనే నియమావళిని సవరించారు.

అప్పటికి షెరిల్ సమ్మర్‌విల్ ఉద్యోగం పోయి పదకొండు సంవత్సరాలు గడచినవి. ఆ వాక్యం ఆమెకు జీతం తెచ్చిపెట్టలేదు. ఆమె తన తొలగింపు పత్రాన్ని చించిపారవేయక భద్రపరచి, పేరు దాచుకొనక పత్రికలకు చూపకపోతే మాత్రం ఈ కథ మొదలయ్యేదే కాదని నా అభిప్రాయం. మిగిలిన ఉద్యోగులలో అనేకులు మౌనంగా వెళ్ళిపోయారు. వారిని నిందించే హక్కు మనకు లేదు. చిన్న ఊరిలో పేరు బయటపడితే తరువాతి ఉద్యోగం కూడ దొరకదు.

మన దేశంలో ఈ మార్గం ఇంత సులభం కాదు. 2013 నాటి కంపెనీల చట్టం ప్రకారం, వాటాలు గల కంపెనీలో సభ్యులు తమ తీర్మానాన్ని సమావేశంలో పెట్టించవలెనంటే వోటు హక్కు గల మూలధనంలో పదవ వంతు వారి చేతిలో ఉండవలెను. పెద్ద కంపెనీలో పదవ వంతు అనగా కోట్ల రూపాయలు. కాని ఒక్క వాటా గల సభ్యుడైనా వార్షిక సమావేశానికి హాజరై అధ్యక్షుని ప్రశ్నింపవచ్చును. మన వార్షిక సమావేశాలలో డివిడెండు గురించి, ఫలహారాల గురించి తీవ్రంగా చర్చించే వాటాదారులకు కొదువ లేదు. ఉద్యోగ నియామకాల సంగతి అడిగేవారు మాత్రం అరుదు.

బయటి నుండి ఒత్తిడి తెచ్చినవారి సంగతి ఇది. సంస్థ లోపలనే ఉండి అడిగినవారి కథ మరొక రకమైనది. అమెరికాలో వైద్య బీమా చాలావరకు ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది. ఉద్యోగి భార్యకో, భర్తకో ఆ బీమా వర్తిస్తుంది. వివాహం చేసుకొనే హక్కే లేనివారికి ఆ దారి మూసుకొని ఉండేది. అనగా ఒకే పనికి ఒకే జీతం వచ్చినా, ఒకరి ఇంటికి వైద్యం అందేది, మరొకరి ఇంటికి అందేది కాదు. 1982లో న్యూయార్క్‌లోని విలేజ్ వాయిస్ అనే వారపత్రికలో భోజనశాలల సమీక్షలు వ్రాసే జెఫ్ వైన్‌స్టీన్, కార్మిక సంఘం తరపున యాజమాన్యంతో చర్చలలో పాల్గొంటూ, వివాహం కాని జీవిత భాగస్వాములకు కూడ బీమా ఇవ్వవలెనన్న అంశాన్ని ఒప్పందంలో చేర్పించగలిగాడు. ప్రైవేటు సంస్థలలో ఇది మొట్టమొదటిదని చెబుతారు. 1989లో లోటస్ అనే కంప్యూటర్ సంస్థలో ముగ్గురు మహిళా ఉద్యోగులు ఇదే కోరికతో అర్జీ పెట్టారు. యాజమాన్యం నిరాకరించలేదు, అంగీకరించనూ లేదు. ఖర్చెంత అన్నది, బీమా కంపెనీ ఒప్పుకొనునా అన్నది. వారు ప్రతి ప్రశ్నకు లెక్కలు తెచ్చి చూపారు. రెండు సంవత్సరాల తరువాత, 1991లో, లోటస్ అంగీకరించినది. ఖజానా ఖాళీ అవుతుందని భయపడినవారికి ఆశ్చర్యం కలిగించే విషయమేమనగా, ఆ సౌకర్యం కోరుకొన్నవారి సంఖ్య అతి స్వల్పం. తమ సంగతి యాజమాన్యానికి తెలియజేయవలసి వస్తుందన్న జంకే అందుకు ఒక కారణమని తోచుచున్నది.

న్యాయస్థానం వరకు వెళ్ళిన ఒక ఉత్తరం గురించి కూడ చెప్పవలెను. మిషిగన్ రాష్ట్రంలో అంత్యక్రియల సేవలందించే ఒక సంస్థలో ఏమీ స్టీవెన్స్ దాదాపు ఆరు సంవత్సరాలు పురుషునిగా ఉద్యోగం చేసినది. 2013 జులైలో ఆమె తన యజమానికి, తోటి ఉద్యోగులకు ఒక ఉత్తరం వ్రాసినది. సెలవు ముగిసి తిరిగి వచ్చునప్పుడు స్త్రీగానే, సంస్థ స్త్రీలకు నిర్ణయించిన దుస్తులలోనే వస్తానని అందులో తెలిపినది. రెండు వారాలలో ఉద్యోగం పోయినది. ఆమె దావా ఏళ్ల తరబడి నడిచినది. మరి రెండు దావాలతో కలిపి 2020 జూన్ 15న అమెరికా సుప్రీం కోర్టు తీర్పు చెప్పినది: లైంగిక అభిరుచిని బట్టి గాని, ట్రాన్స్‌జెండర్ అయినందున గాని ఉద్యోగం నుండి తొలగించడం 1964 నాటి పౌరహక్కుల చట్టానికి విరుద్ధమని. ఆరుగురు న్యాయమూర్తులు ఇటు, ముగ్గురు అటు. ఆ తీర్పును ఏమీ స్టీవెన్స్ వినలేదు. అంతకు సుమారు నెల రోజుల ముందే ఆమె మరణించినది. తోటి వాదులలో ఒకడైన డొనాల్డ్ జార్డా 2014లోనే మరణించాడు. మూడవ వాది గెరాల్డ్ బాస్టాక్ ఒక్కడే జీవించి తీర్పు చూచాడు. అతడు కూడ జార్జియా రాష్ట్రంవాడే.

ఇట్లు సాధించినది శాశ్వతమని భావించుట పొరపాటు. 2024 వేసవిలో రాబీ స్టార్‌బక్ అనే వ్యక్తి ఈ సమాదరణ విధానాలకు వ్యతిరేకంగా ప్రచారం ప్రారంభించాడు. అతడు ఒక్కొక్క కంపెనీని ఎన్నుకొని, దాని ఖాతాదారులను రెచ్చగొట్టగా, మొదట లొంగినది వ్యవసాయ పరికరాలు అమ్మే ట్రాక్టర్ సప్లై అనే సంస్థ. ఇదియు టెన్నెసీ రాష్ట్రంలోనిదే. ఆ తరువాత మరికొన్ని పేరుగల సంస్థలు అదే బాట పట్టినవి. గమనింపదగినదేమనగా, క్రాకర్ బారెల్ బహిష్కరణలో లోపించినది ఇక్కడ ఉన్నది: ఒత్తిడి తెచ్చినవారు ఆ దుకాణానికి నిత్యం వచ్చేవారు. వాటాదారుల మార్గాన్ని కూడ వ్యతిరేకులు ప్రయోగించి చూచారు. ఉద్యోగులలో వైవిధ్యం కొరకు చేపట్టిన విధానాల వలన కలుగు నష్టంపై నివేదిక ఇవ్వవలెనన్న ప్రతిపాదన 2025 జనవరిలో కాస్ట్‌కో సంస్థ సమావేశానికి రాగా, నూటికి 98 వంతులు దానిని తిరస్కరించారు.

ఇక మన దేశం. 2018లో లలిత్ హోటళ్ల సంస్థకు కార్యనిర్వాహక సంచాలకుడైన కేశవ్ సూరి, స్వలింగ సంబంధాన్ని నేరంగా పరిగణించిన భారత శిక్షాస్మృతి 377వ సెక్షనును సవాలు చేస్తూ సుప్రీం కోర్టులో పిటిషను వేశాడు. యాజమాన్యం కూడ తన పేరుతో కోర్టు మెట్లెక్కుట మన దేశంలో అరుదైన విషయం. ఆ సంవత్సరం సెప్టెంబరు 6న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా, వయోజనుల పరస్పర అంగీకారంతో కూడిన సంబంధం నేరం కాదని ప్రకటించినది. కాని 2023 అక్టోబరులో వివాహ హక్కును ఇచ్చుటకు సుప్రీం కోర్టు నిరాకరించినది. కనుక బీమా, సెలవు, నివాసం వంటి విషయాలలో భాగస్వామిని గుర్తించవలెనా అనునది సంస్థల ఇష్టానికే మిగిలినది. టాటా స్టీల్ 2019 డిసెంబరులో అటువంటి గుర్తింపును తన ఉద్యోగులకు ఇచ్చినది. ఇట్టి భాగస్వాములు బ్యాంకులో ఉమ్మడి ఖాతా తెరచుటకు అభ్యంతరం లేదని 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ స్పష్టం చేసినది. వినుటకు ఇది చిన్న విషయమే. ఇరువురు కలిసి దాచుకొన్న సొమ్ము ఒకరు చనిపోతే ఎవరికి చెందవలెనన్నది మాత్రం చిన్న విషయం కాదు.

ఉద్యోగం ఇచ్చినంతమాత్రాన పని పూర్తికాదనుటకు కొచ్చి మెట్రో మంచి ఉదాహరణ. 2017లో ఆ సంస్థ 23 మంది ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను పనిలోకి తీసికొన్నది. దేశవిదేశాలలో ప్రశంసలు వచ్చినవి. కొద్ది వారాలలోనే వారిలో కొందరు ఉద్యోగం వదలివేశారు. నగరంలో వారికి ఇల్లు అద్దెకిచ్చేవారు లేరు. వసతిగృహాల ఖర్చు వచ్చే జీతానికి మించిపోయినది. యజమాని తలుపు తెరిచాడు, ఇంటి యజమాని మూసివేశాడు.

మన హైదరాబాదుకు సంబంధించిన ఒక చట్టం గురించి చెప్పక తప్పదు. నిజాం ప్రభుత్వ కాలంలో, 1329 ఫస్లీలో, అనగా సుమారు 1919లో, హిజ్రాల పేర్లను పోలీసులు రిజిస్టరులో నమోదు చేయవలెనని, వారు స్త్రీ దుస్తులతో వీధిలో కనిపించినా, పాట పాడినా వారంటు లేకుండ అరెస్టు చేయవచ్చునని శాసించారు. నిజాం పాలన పోయినది, రాష్ట్రాలు మారినవి, ఆ చట్టం మాత్రం పుస్తకాలలో నిలిచే ఉన్నది. వైజయంతి వసంత మొగిలి మరికొందరితో కలిసి వేసిన వ్యాజ్యంపై తెలంగాణ హైకోర్టు 2023 జులైలో దానిని కొట్టివేసినది. పేరు పోలీసు రిజిస్టరులో ఉండదగిన మనిషిగా చట్టమే ముద్ర వేసినప్పుడు, ఏ దుకాణదారు ఆమెను గల్లా పెట్టె దగ్గర కూర్చుండబెట్టగలడు?

చివరగా, విద్యాసంస్థలలో ఉన్న మనకు మరింత దగ్గరగా వచ్చే ఒక ఉదంతం. జేన్ కౌశిక్ అనే ట్రాన్స్‌జెండర్ ఉపాధ్యాయురాలిని ఉత్తర ప్రదేశ్‌లోని ఒక ప్రైవేటు పాఠశాల పనిలోకి తీసికొని రోజుల వ్యవధిలోనే పంపివేసినది. గుజరాత్‌లోని మరొక పాఠశాల, నియామకానికి అంగీకరించి, ఆమె వివరాలు తెలిసిన తరువాత వెనుకకు తీసికొన్నది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులపై ఉద్యోగాలలో వివక్ష చూపరాదని 2019లోనే పార్లమెంటు చట్టం చేసినది. ఫిర్యాదులు స్వీకరించుటకు ప్రతి సంస్థలో ఒక అధికారి ఉండవలెనని కూడ అందులో వ్రాసినారు. ఆమె ఫిర్యాదు చేయబోతే ఆ అధికారి ఎక్కడ? ఆమె నేరుగా సుప్రీం కోర్టుకు వెళ్ళినది. 2025 అక్టోబరు 17న న్యాయస్థానం ఆమెకు పరిహారం ఇప్పించినది. చట్టాన్ని కాగితం మీదనే వదలివేసిన ప్రభుత్వాలను తప్పుపట్టి, ఉద్యోగాలలో సమానావకాశ విధానం ఎట్లుండవలెనో సూచించుటకు ఒక విశ్రాంత న్యాయమూర్తి అధ్యక్షతన సంఘాన్ని నియమించినది. తరగతి గదిలో నిలబడి పాఠం చెప్పుకొనుటకు ఒక ఉపాధ్యాయురాలు దేశపు అత్యున్నత న్యాయస్థానం దాకా నడవవలసి వచ్చినది.